గ్యారేజీ నుంచి రీప్యాక్ వాలు దాకా

ఫ్రీమాంట్‌లో మా అక్కావాళ్ళ ఇంటి గ్యారేజీలో కార్లకు చోటు లేదు. రెండు కార్లూ ఎండకీ వానకీ బయటే ఉంటాయి. లోపల గోడ పొడుగునా సైకిళ్ళు, కొక్కేలకు వేలాడే టైర్లు, సైజుల వారీగా పేర్చిన పానాలు, మధ్యలో ఒక పనిబల్ల. శనివారం పొద్దున కాఫీ గ్లాసుతో నేను అడుగుపెట్టేసరికి బావగారు ఒక నల్లటి ఫ్రేమును సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకు తగిలించి అంకె చూస్తున్నారు. వెనక షాక్ అబ్జార్బర్‌తో కలిపి 2.1 కిలోలు.

"పట్టుకుని చూడు" అంటూ నా చేతికిచ్చారు. రెండు లీటర్ల పాలంత బరువు. మర్నాడు దీని మీదే 74 కిలోల మనిషి కూర్చుని రాళ్ళూ, చెట్ల వేళ్ళూ తేలిన కొండవాలు దిగబోతున్నారు.

బావగారిది తెనాలి దగ్గర పల్లె. అద్దె సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న తరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయన్ని కాలిఫోర్నియా చేర్చింది, పదేళ్ళుగా వారాంతాలన్నీ బే ఏరియా కొండలకే ఇస్తున్నారు. ఈసారి తయారు సైకిలు కొనకుండా ఫ్రేము, ఫోర్కు, చక్రాలు, గేర్లు విడివిడిగా తెప్పించుకున్నారు. ముందూ వెనకా షాక్‌లున్న కార్బన్ క్రాస్ కంట్రీ సైకిల్‌ను సొంత చేతులతో కట్టుకోవాలన్నది ఆయన కోరిక. శనివారం కట్టడం, ఆదివారం తొక్కడం. ఎక్కడ తొక్కాలో కూడా ముందే అనుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, మరిన్ కౌంటీలోని ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి పైనున్న రీప్యాక్ వాలు. మౌంటెన్ బైక్ రూపు దిద్దుకున్న కొండదారి అది.

క్రాస్ కంట్రీ పందెంలో ఎక్కడమూ ఉంది, దిగడమూ ఉంది. గంటన్నర చుట్టుపక్కల సాగే ఈ పోటీ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌తో ఆ వేదిక ఎక్కింది. ఎక్కడానికి సైకిలు తేలికగా ఉండాలి. దిగడానికి చక్రాలు గతుకులకు ఒదగాలి. ఒదిగే ఏర్పాటు పెడితే బరువు పెరుగుతుంది, పెడల్ మీద వేసిన బలంలో కొంత షాక్ ఊగడానికే పోతుంది. అందుకే చాలాకాలం పందెగాళ్ళు వెనక షాక్ లేని హార్డ్‌టెయిల్ సైకిళ్ళనే నమ్ముకున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ దేశస్థుడు యరొస్లావ్ కుల్హవీ రెండు వైపులా షాక్‌లున్న సైకిలు మీద స్వర్ణం గెలిచాడు. 2016లో రియోలో స్విట్జర్లాండ్‌కు చెందిన నీనో షుర్టర్, 2024లో పారిస్ పోటీ జరిగిన ఎలాంకూర్ గుట్ట మీద బ్రిటన్‌కు చెందిన టామ్ పిడ్‌కాక్ గెలిచిందీ అలాంటి సైకిళ్ళ మీదే. ఈ మార్పులో పెద్ద వాటా కార్బన్‌ది.

వెంట్రుక కన్నా సన్నటి కార్బన్ పోగులను జిగురులో తడిపి పలుచని షీట్లుగా చేస్తారు. ఆ షీట్లను దర్జీ గుడ్డ కత్తిరించినట్టు వందల ముక్కలుగా కోసి, ఒక్కొక్క పొరనూ చేత్తో అచ్చులో పరుస్తారు. అచ్చు మూసి, లోపలి నుంచి గాలితిత్తితో ఒత్తిడి పెట్టి, వేడిలో ఉడికిస్తే గట్టిపడుతుంది. ప్రపంచంలోని ఇలాంటి ఫ్రేముల్లో అత్యధికం తైవాన్, చైనా, వియత్నాం కార్ఖానాల్లో తయారవుతాయి. పోగు ఏ దిక్కుగా పరిస్తే బలం ఆ దిక్కుగా వస్తుంది. పెడళ్ళ దగ్గర మెలిపడకుండా ఒక రకంగా, వెనక చక్రాన్ని పట్టుకునే సన్నటి కర్రల దగ్గర కాస్త వంగేలా ఇంకో రకంగా పొరలు వేసుకోవచ్చు.

ఆ వంపును బావగారు బొటనవేలితో నొక్కి చూపించారు. పాత ఫ్రేములకు వెనక చక్రం ఇరుసు దగ్గర కూడా బేరింగుతో కీలు ఉండేది. ఇందులో అది లేదు. షాక్ కుంగినప్పుడు కార్బన్ కర్రే కొద్దిగా వంగి కీలు పని చేస్తుంది. రెండు బేరింగులు, బోల్టుల బరువు ఆ మేరకు తగ్గింది.

కార్బన్‌తో ఒక చిక్కుంది. ఇనుప గొట్టాన్ని అతిగా బిగిస్తే సొట్ట పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో లోపలి పొరలు విడిపోయినా పైన రంగు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. అందుకే బావగారు స్టాండుకు ఫ్రేమును తగిలించలేదు, సీటు గొట్టాన్ని పట్టించారు. ఫ్రేము నడిమి గొట్టాన్ని స్టాండు దవడల మధ్య బిగిస్తే అక్కడికక్కడే నలిగిపోయే ప్రమాదం ఉంది.

ఆ రోజంతా ఆయన చేతిలో ఎక్కువసేపు ఉన్న పనిముట్టు టార్క్ రెంచ్. ఎంత బలంతో బిగించాలో ముందే అమర్చుకుంటే, ఆ బలం చేరగానే టక్కుమని చెబుతుంది. హ్యాండిల్‌ను పట్టే నాలుగు బోల్టులకు 5 న్యూటన్ మీటర్లు. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా, మంచం నవారు లాగినట్టు ఒక మూల, దానికి ఎదురు మూల, కొద్దికొద్దిగా బిగించారు. అంతకుముందే హ్యాండిల్‌కు సన్నటి రేణువులు కలిసిన ముద్ద రాశారు. అది ఉంటే తక్కువ బిగుతులోనే హ్యాండిల్ జారకుండా నిలుస్తుంది. బోల్టు బిగిసిన ప్రతిచోటా బోల్టు తల మీదుగా పక్క భాగం దాకా తెల్ల రంగు పెన్నుతో ఒక చిన్న గీత గీశారు. గీత విరిగితే బోల్టు కదిలిందని అర్థం.

ఫోర్కు గొట్టం కోయడానికి మూడుసార్లు కొలిచారు. తక్కువ కోస్తే మళ్ళీ కోయవచ్చు, ఎక్కువ కోస్తే ఫోర్కు పైభాగమే మార్చాలి. వెనక బ్రేకు గొట్టాన్ని ఫ్రేము లోపలి నుంచి తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. చైను దగ్గరికి వచ్చేసరికి షాక్‌లో గాలంతా తీసేసి, వెనక చక్రాన్ని పూర్తిగా పైకి నొక్కి పెట్టమన్నారు. చక్రం పైకి జరిగేకొద్దీ పెడళ్ళ ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది. మామూలుగా నిలబెట్టినప్పుడు సరిపోయిన చైను, గుంతలో పడిన క్షణాన చాలకపోతే గేరు మార్చే డెరైలర్‌ను విరిచేస్తుంది. ముందు ఒక్కటే పళ్ళ చక్రం, వెనక 10 పళ్ళ నుంచి 52 పళ్ళ దాకా 12 చక్రాలు. చైను కొలత ఆ 52 పళ్ళ మీద వేసే చూసుకోవాలి.

టైర్ల పని మా మేనకోడలిది. తొమ్మిదో తరగతి చదువుతోంది, స్కూలు మౌంటెన్ బైక్ జట్టులో ఉంది. ఉత్తర కాలిఫోర్నియాలో హైస్కూలు పిల్లల కోసం ఇలాంటి లీగు 2001 నుంచి నడుస్తోంది. "మామయ్యా, చెవులు మూసుకో" అని కంప్రెసర్ గాలి వదిలింది. టైరు అంచు రిమ్ములో కూర్చుంటూ తుపాకీ పేలినట్టు రెండు మోతలు. లోపల ట్యూబు లేదు. దాని బదులు వంద మిల్లీలీటర్ల తెల్లటి ద్రవం పోసింది. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవం కన్నం దగ్గరికి చేరి గడ్డకట్టి తనే పూడుస్తుంది. ట్యూబు లేదు కాబట్టి గాలి తక్కువ పెట్టుకోవచ్చు, ఆ మేరకు నేలను పట్టుకునే గుణం పెరుగుతుంది.

ఆఖరిపని షాక్‌లో గాలి. ముందు ఫోర్కూ, వెనక చక్రమూ 120 మిల్లీమీటర్ల మేర కదులుతాయి. వెనక షాక్ కడ్డీ మాత్రం కుంగేది 45 మిల్లీమీటర్లే. బావగారు హెల్మెట్, నీళ్ళ సంచీ అన్నీ తగిలించుకుని ఎక్కి కదలకుండా కూర్చున్నారు. కడ్డీ మీదున్న చిన్న రబ్బరు రింగు ఎంత జరిగిందో మేనకోడలు స్కేలుతో కొలిచింది. 11 మిల్లీమీటర్లు, అంటే పావు వంతు. ఈ పావు వంతు కుంగుబాటు ఉంటేనే చక్రం గుంతలోకి దిగి నేలను వదలకుండా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ త్రాసు తీశారు. పెడళ్ళతో కలిపి 11.3 కిలోలు.

ఆదివారం పొద్దున రిచ్‌మండ్ వంతెన దాటి ఫెయిర్‌ఫ్యాక్స్ చేరాం. సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ రోడ్డు మీద మరిన్ మ్యూజియమ్ ఆఫ్ బైసిక్లింగ్ ఉంది. 2015లో తెరిచారు. 1988లో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్‌లో మొదలైన మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఇప్పుడు ఈ కప్పు కిందే ఉంది. ఒకవైపు 19వ శతాబ్దపు సైకిళ్ళు, ఇంకోవైపు 1970ల నాటి బండ సైకిళ్ళు. నిన్నంతా 2.1 కిలోల ఫ్రేము చుట్టూ తిరిగిన నేను ఆ లావుపాటి టైర్ల సైకిళ్ళ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఒక్కొక్కటీ 20 కిలోల చుట్టుపక్కల తూగేవి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు పిల్లల కోసం, పేపర్లు వేసేవాళ్ళ కోసం తయారైన ష్విన్ సైకిళ్ళను పాత సామాను దుకాణాల్లో ఏరుకొచ్చి, ఇక్కడి కుర్రాళ్ళు కొండ మీదికి తోసుకెళ్ళి కిందికి తొక్కేవాళ్ళు.

1976 అక్టోబరు 21న ఆ కుర్రాళ్ళు గడియారం పట్టుకుని ఒకరి తరవాత ఒకరుగా పందెం పెట్టుకున్నారు. సుమారు 2 మైళ్ళ మట్టిదారి, 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఒక్కటే ఉండేది. కిందికొచ్చేసరికి చక్రం మధ్యనున్న హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. కూరడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు, అదే ఆ దారి పేరైంది. చార్లీ కెల్లీ నిర్వహించిన ఆ పందేల్లో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, జో బ్రీజ్ అంతకు రెండు సెకన్లు వెనక.

ఆ జో బ్రీజ్ 1977లో, ఆ దారిలో విరిగిపోయిన పాత సైకిళ్ళను చూసి, క్రోమ్‌మాలీ ఉక్కు గొట్టాలతో కొండ కోసమే ఒక సైకిల్ చేశాడు. ఆ తొలి బ్రీజర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ అన్న పేరుతో సంస్థ పెట్టారు. వాళ్ళకు ఫ్రేములు చేసిచ్చింది టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్‌ను పెద్ద సంఖ్యలో తయారుచేసి దుకాణాలకు పంపింది. కాలిన హబ్బు, విరిగిన ఫ్రేము, తిమ్మిరెక్కిన చేతులు. బావగారి సైకిల్లోని డిస్క్ బ్రేకు, కార్బన్ పొరలు, గాలి షాక్ ఈ మూడు కష్టాలకూ వరసగా వచ్చిన జవాబులని ఫెయిర్‌ఫ్యాక్స్ మ్యూజియంలో నాకు తెలిసింది.

ఊళ్ళోంచి బొలీనాస్ రోడ్డు పట్టుకుని అజేలియా గుట్ట దాకా తారురోడ్డు మీద ఎక్కుడు. అక్కడి నుంచి పైన్ మౌంటెన్ మట్టిదారి. నేను అద్దెకు తీసుకున్నది హార్డ్‌టెయిల్. రాళ్ళు తేలిన ఎక్కుడులో తేడా తెలిసొచ్చింది. నా వెనక చక్రం రాయికి తగిలి ఎగిరినప్పుడల్లా పట్టు తప్పి పెడల్ వట్టినే తిరిగేది. ముందున్న బావగారి చక్రం అదే రాయి మీద ఒదిగి, నేలను వదలకుండా సాగిపోయేది. షాక్‌లు దిగడానికే అనుకునేవాణ్ణి. ఎక్కడంలో కూడా అవి ఎంత కలిసొస్తాయో ఆ అరగంట చూపించింది. గుట్టల మీది నుంచి ఒకవైపు టమాల్‌పాయిస్ శిఖరం, దూరంగా పొగమంచులో బే.

రీప్యాక్ మొదలయ్యే చోట ఇద్దరం ఆగాం. ఆనాటి వేగం ఇప్పుడు అక్కడ నిషిద్ధం. మరిన్ కొండదారుల్లో సైకిళ్ళకు గంటకు 15 మైళ్ళే హద్దు, నడిచేవాళ్ళనూ గుర్రాలనూ దాటేటప్పుడు 5 మైళ్ళు. సింగిల్‌ట్రాక్ సన్నదారుల్లో ఎక్కువ భాగం సైకిళ్ళకు మూసే ఉంది. బావగారు ఆ హద్దును ఖచ్చితంగా పాటించారు. "మన వెనక వచ్చే పిల్లలకు ఈ దారి తెరిచి ఉండాలంటే మనం నెమ్మదిగానే దిగాలయ్యా" అన్నారు. వానలకు కోసుకుపోయిన కాలువలు, మలుపు మలుపుకూ వదులు కంకర. ఒక్క వేలితో బ్రేకు పట్టుకుంటూ, సీటును కిందికి దించుకుని, రెండు చక్రాల మధ్య బరువు సర్దుకుంటూ ఆయన దిగుతుంటే సైకిలు నుంచి చైను చప్పుడు తప్ప ఇంకో శబ్దం లేదు. కింద కాస్కేడ్ లోయ చేరాక డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. సెగ తగిలింది, గ్రీజు వాసన మాత్రం లేదు.

సాయంత్రం గ్యారేజీలో మేనకోడలు టార్చిలైటుతో తెల్ల గీతలన్నీ వరసగా చూసింది. ఒక్కచోట, వెనక షాక్‌ను పట్టుకునే బోల్టు దగ్గర గీత విరిగింది. కొత్త భాగాలు మొదటి కుదుపులకు సర్దుకున్నప్పుడు ఇలా జరగడం మామూలే. బోల్టు విప్పి, మరలకు నీలం జిగురు కొత్తగా రాసి, చెప్పిన కొలతకు బిగించి, కొత్త గీత గీసింది.

హైదరాబాద్‌లో, విశాఖలో కూడా ఇప్పుడు కార్బన్ సైకిళ్ళు కొంటున్నవాళ్ళు ఉన్నారు. అనంతగిరి అడవుల వైపూ, అరకు ఘాట్ల వైపూ వెళ్తున్నారు. 2023లో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ కేరళలోని పొన్ముడిలో జరిగింది, ఆ పోటీ మన దక్షిణాది కొండల దాకా వచ్చేసింది. మీలో ఎవరైనా అలాంటి సైకిలు కట్టించుకుంటే, మొదట ఒక టార్క్ రెంచ్ కొనండి. మొదటి సవారీ అయ్యాక ప్రతి బోల్టునూ మళ్ళీ చూడండి. గట్టిగా పడితే బయటికి ఏమీ కనిపించకపోయినా ఫ్రేమును తెలిసినవాళ్ళకు చూపించేదాకా తొక్కకండి.