కడపలో దొరగారి బంగళా

బదిలీల మీద తిరిగే ఉద్యోగులకు కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కోవడం ఓ పెద్ద పని. నీళ్లు వస్తాయా, ఆఫీసు దగ్గరేనా అని చూసుకుని ఏదో ఒక అద్దెకొంపలో సర్దుకుంటారు. నాలుగు రోజులుండి పోయేవాళ్లకు సొంతిల్లెందుకు? కానీ ఇరవై ఎనిమిదేళ్లయినా నిండని ఓ ఇంగ్లిషు ఉద్యోగి మాత్రం, ఏ క్షణాన బదిలీ వస్తుందో తెలియని రోజుల్లో, కడపలో సొంత డబ్బుతో బంగళా కొన్నారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది.

గుడారాల్లో కలెక్టరు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీ వాళ్లకు ధారాదత్తం చేశాక దొరల రాక మొదలైంది. అప్పట్లో దీని పేరు దత్తమండలం. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో వచ్చింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రోకు చాలాకాలం గుడారమే ఇల్లు. ఊరూరూ తిరుగుతూ, చెట్ల కింద రైతులతో మాట్లాడుతూ శిస్తు లెక్కలు తేల్చారాయన. ఎండలకు పేరుమోసిన సీమలో గుడారపు కాపురమంటే మాటలు కాదు.

మన్రో వెళ్లిపోయిన పదమూడేళ్లకు, 1820 ఆగస్టులో, బ్రౌన్ కడపలో అడుగుపెట్టారు. పుట్టింది 1798లో కలకత్తాలో. ఉద్యోగం కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా. మద్రాసు కాలేజీలో నేర్చుకున్న తెలుగు పరీక్ష గట్టెక్కించింది గానీ కచేరీలో సరిపోలేదు. ఇక్కడ జనం మాట్లాడేది తెలుగు, అర్జీలు పెట్టేది తెలుగు. దాంతో భాషను పట్టుదలగా నేర్చుకున్నారు. రెండేళ్లకే మచిలీపట్నం బదిలీ. అక్కడే వేమన పద్యాల మీద మనసు పడింది. తాళపత్రాల వేట మొదలైంది.

ఇంటినిండా పండితులే

1826లో మళ్లీ కడపకొచ్చారు. ఈసారి అద్దె వసతితో సరిపెట్టుకోలేదు. ఎర్రముక్కపల్లె దగ్గర తోటతో ఉన్న బంగళా కొన్నారు. ఒక్కడికి అంతిల్లెందుకంటే, ఆయన వెంట వచ్చే పరివారం అలాంటిది. పండితులు, లేఖకులు, తాటాకుల కట్టలు!

పని తీరు ఇలా ఉండేది. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించేవారు. లేఖకులు కాగితాల మీద ఎక్కించేవారు. పండితులు ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకుని తేడాలు చూసి, సరైన పాఠమేదో తేల్చేవారు. ఆ తర్వాత శుద్ధప్రతి, దానికి టీక. ఈ వ్యవహారాలన్నీ చూసుకున్న వ్యక్తి అయోధ్యాపురం కృష్ణారెడ్డి. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అన్నారంటే ఆశ్చర్యమేముంది?

జీతాలన్నీ బ్రౌన్ జేబులోంచే. అది చాలక అప్పులు చేశారు. 1829లో వేమన పద్యాలు ఆంగ్ల అనువాదంతో మద్రాసులో అచ్చయ్యాయి. ఆ ఏడాదికే ఆయనకు కడప నుంచి బదిలీ! ఇంటి యజమాని ఊళ్లు మారుతూనే ఉన్నారు, పండితుల పని మాత్రం ఆగలేదు. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది. 1855లో ఆయన ఇంగ్లండు వెళ్లిపోయి 1884లో లండన్‌లో కన్నుమూశారు.

మొండిగోడల నుంచి...

యజమాని లేని ఇల్లు ఏమవుతుంది? బ్రౌన్ బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలాయి. మరికొన్నాళ్లయితే అవీ పోయేవి. దొర ఎక్కడున్నాడో చెప్పేవాళ్లూ ఉండేవారు కాదు. అప్పుడు పూనుకున్నది కడప రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి. ఆ స్థలంలోనే బ్రౌన్‌కు స్మారకంగా గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. విరాళాల కోసం తిరిగారు. 1987లో శంకుస్థాపన జరిగింది. 1995లో తలుపులు తెరుచుకున్నాయి. 2014లో కన్నుమూసేదాకా జానమద్దికి ఆ గ్రంథాలయమే లోకం.

ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. వేమనను అచ్చువేసిన దొర ఇంటికి వేమన పేరున్న విద్యాలయమే సంరక్షకురాలు కావడం భలే పొంతన! లోపల వేలాది పుస్తకాలు, తాళపత్రాలు ఉన్నాయి. మన్రో కాలం నాటి ఊళ్ల చరిత్రలైన మెకంజీ కైఫీయత్తులను ఈ కేంద్రమే సంపుటాలుగా ప్రచురించింది.

గడప దాటితే మనవాళ్లే

తిరుమల వెంకన్నకు తొలి గడప కాబట్టే ఈ ఊరికి కడప అని పేరొచ్చిందంటారు. ఉగాదినాడు దేవుని కడప గుడికి వెళితే ముస్లిం కుటుంబాలు కనిపిస్తాయి. బీబీ నాంచారమ్మను పెళ్లాడిన స్వామి వాళ్లకు ఇంటల్లుడు మరి! అమీన్ పీర్ దర్గాలోనేమో అన్ని మతాలవాళ్లూ చాదర్లు సమర్పిస్తారు. కడప గడప అంత విశాలం.

కడప రైలుస్టేషను ముంబయి-చెన్నై మార్గంలో ఉంది. దేవుని కడప, దర్గా చూసుకుని ఎర్రముక్కపల్లెకు ఆటో మాట్లాడుకుంటే ఒక్కరోజులో మూడూ చుట్టిరావచ్చు. పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. ఇంట్లో తెలుగు నిఘంటువు తిరగేసేటప్పుడు, దాని వెనక కడపలో ఓ ఇల్లు, ఆ ఇంటినిండా పండితులు ఉన్నారన్న సంగతి వాళ్లకు గుర్తుంటుంది.