ఎక్కువ కాగిన డప్పు

పోయిన వారం పోస్టు చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెండ్లు "మీ నాయిన ఎట్లున్నడన్నా" అని అడిగిండ్రు. నాయిన మంచిగనే ఉన్నడు. చెవులే పోయినయి. ఆ చెవుల కోసమే భువనగిరి ఇంట్ల హోమ్ థియేటర్ పెట్టిన. నవ్వకుండ్రి, చెప్త.

రెండేండ్ల కింద చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఆడియోగ్రామ్ తీసిండ్రు. కాయితం మీద గీత 1000 హెర్ట్జ్ దాకా ఓ మోస్తరుగ నడిచి, 4000 కాడ బాయిల పడ్డట్టు పడ్డది. "పెద్దాయన ఫ్యాక్టరీల పనిజేసిండా?" అన్నడు డాక్టర్. "లేదు సార్, డప్పు కొట్టిండు" అన్న. నలభై ఏండ్లు. పెండ్లికి, సావుకు, బొడ్రాయి పండుగకు, చాటింపుకు. కూలి అంటే నాలుగు గింజలు, ఇంత కల్లు. చెవులకు ఎవ్వడూ లెక్క గట్టలే.

ఇసొంటి చెవికి సప్పుడు వినపడ్తది, మాట వినపడది. క, త, స లాంటి హల్లుల పదునంతా ఆ పై ఫ్రీక్వెన్సీలల్లనే ఉంటది. 2023ల బలగం సినిమా వస్తే ఊరు ఊరంతా ఏడ్సింది, నాయిన మాత్రం టీవీ ముందట కూసొని "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడుగుడే. సౌండ్ పెంచితే "అబ్బ, బంద్ చెయ్ రా" అని చెవులు మూసుకుంటడు. కొంచెం తక్కువైతే వినపడది, కొంచెం ఎక్కువైతే సూది గుచ్చినట్టు. డాక్టర్లు దీన్ని రిక్రూట్‌మెంట్ అంటరు. ఉద్యోగాల రిక్రూట్‌మెంట్ కాదు, నోటిఫికేషన్ కోసం చూడకుండ్రి.

రైలెక్కి సికింద్రాబాద్‌ల దిగి, కోఠి గుజరాతీ గల్లీ పోయిన. ఒక షాపుల డెమో రూమ్‌ల కూసోబెట్టిండ్రు. కింద కార్పెట్, మెత్తటి సోఫాలు, గోడలకు మందం పరదాలు. ఏదో ఇంగ్లీష్ సినిమాల బాంబులు పేల్చి చూపెట్టిండు సేల్స్ తమ్ముడు. నేను మా వాడ దళం డప్పు రికార్డింగ్ ఫోన్ల ఇచ్చిన. "ఇది టెస్టింగ్‌కు పనికిరాదు సార్, మాస్ సప్పుడు" అన్నడు.

పనికిరాకపోవుడేంది? కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సితికెన పుల్ల. సిర్ర దెబ్బ తోలు నడుమ పడితే బొంగురు, పుల్ల దెబ్బ సన్నం. ఆ రెండూ వేరువేరుగ వినపడి, రెండిటికి మధ్యల తోలు కదిలినట్టు తెలిస్తే అది మంచి స్పీకర్. ఇంతకన్న పెద్ద పరీక్ష ఏ బాంబు పెడ్తది?

ఇంత తెలిసీ మోసపోయిన. రెండు సెట్లు వింటే ఒకటి తళతళ మెరిసింది, ప్రతి పుల్ల దెబ్బ లెక్కపెట్టొచ్చు. పది నిమిషాల వినుడుకు మెరిసేదే గెలుస్తది. ఆ 5.1 సెట్టే కొన్న. రెండూ ఒక్క వాల్యూమ్‌ల పెట్టుమని అడగాలె, అడగలే. కొంచెం గట్టిగ మోగేది ఎప్పుడూ మంచిగనే అనిపిస్తది.

మా ఇల్లు స్లాబు ఇల్లు. కింద టైల్సు, పుట్టీ పెట్టిన బోడ గోడలు, అద్దాల కిటికీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. సెట్ పెట్టి ఆన్ జేస్తే ప్రతి "స" బుస్సుమని కొట్టింది. నాయిన ఒక్క నిమిషం ఇని, "ఎక్కువ కాగిన డప్పు లెక్కుంది రా" అన్నడు.

ఇంగ్లీషు రివ్యూలల్ల "బ్రైట్" అని రాస్తరు. మా నాయిన మాటనే నాకు సక్కగ అర్థమైంది. గడ్డి మంట మీద డప్పు కాపితే తోలు బిగుస్తది. మోతాదు దాటితే సిర్ర దెబ్బ పోయి కంగుకంగు సన్న సప్పుడే మిగుల్తది. "అప్పుడేం జేస్తుంటివి?" అన్న. "మంటకాడికెళ్లి తీస్త. తడిచెయ్యి రాస్త. దెబ్బ తగ్గిస్తే ఏమొస్తది?"

నేను చేసింది దెబ్బ తగ్గించుడే. రిమోట్‌ల ట్రెబుల్ మొత్తం దించిన. నొప్పి పోయింది, మాటలూ పోయినయి. అప్పుడు గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టిన. టర్రుమని గోడలు తిరిగి కొట్టినయి. మంట స్పీకర్ల లేదు, గోడలల్ల ఉంది.

అవ్వ పాత చీరెలతోని కుట్టిన రెండు బొంతలు పక్క గోడలకు, సప్పుడు మొదలు తగిలే కాడ, గోడకు నాలుగు వేళ్ల సందు ఇడిసి యాలాడదీసిన. పలచటి కర్టెన్లు దీనికి పనిజెయ్యవు, బరువుండాలె. "కప్పుకునే బొంత గోడకు కడ్తవా" అని అవ్వ ఒక పూట మాట్లాడలే. కింద గొంగడి పరిచిన. నాయిన కింద కూసుంటడు, డైలాగులు వచ్చే సెంటర్ స్పీకరేమో పై అర మీదుండె. దాన్ని దించి చెవి దిక్కు ఎత్తిపెట్టి, రిమోట్‌ల 3 డెసిబెల్స్ పెంచిన. పక్క స్పీకర్లు సక్కగ చెవులల్లకే చూస్తుండె, కొంచెం పక్కకు తిప్పిన. ట్రెబుల్ మళ్ల పైకి తెచ్చి, ఆఖరికి 2 డెసిబెల్స్ మాత్రం తగ్గించిన. ఖర్చు మేకులకే.

మళ్ల బలగం పెట్టిన. ఆఖర్ల బుడగజంగాల పాటకు నాయిన "ఏమన్నడు" అనలే. పాటయినంక కండ్లు తుడుసుకొని "సౌండ్ జర తగ్గియ్యి, ఇనపడ్తుంది" అన్నడు.

స్పీకర్లు పోయిన చెవిని తేవు. హియరింగ్ మిషన్ పెట్టియ్యాలె, దాని తిప్పలు ఇంకోసారి రాస్త. మీలో డప్పు దళాలల్ల ఉన్నోళ్లకు ఒక్క ముచ్చట: 85 డెసిబెల్స్ సప్పుడు దినాం 8 గంటలకు మించొద్దంటరు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైం సగమైతది, అంటే 94 దగ్గర ఒక్క గంటనే. మెడికల్ షాపుల్ల ఫోమ్ ఇయర్ ప్లగ్గులు దొరుకుతయి. ఈ సారి ర్యాలీకి బయలెల్లే ముందు దళానికంతా కొనుండ్రి, పైసలు తక్కువపడితే ఇన్‌బాక్స్‌ల చెప్పుండ్రి.

జై భీమ్.