వంద తీస్తే నాలుగు

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక మీలో చాలామంది నన్ను ఇంకో మాట అడుగుతున్నారు. "మేడమ్, మీరు బైక్ రేసుల ఫోటోలు తీస్తారంట, మావాడు ఇంట్లో ఒకటే చెప్తున్నాడు, నిజమేనా?" అని. కొందరు నవ్వుతూ అడిగారు. కొందరు మాత్రం కాస్త కంగారుగానే అడిగారు. ఆ కంగారు నాకు అర్థమైంది. తొమ్మిది, పది చదివే మగపిల్లలున్న ఇంట్లో బైక్ అనే మాట వినపడితే అమ్మానాన్నలకు గుండె దడ రావడం సహజం. అందుకే ఈ నెల ఆ సంగతి మీతో వివరంగా పంచుకుంటున్నాను.

బస్సు చెడిపోయిందా?

మాది తొండూరు. నాన్నకు చీనీ తోట ఉంది. బీఈడీ అయ్యాక ఉద్యోగంలో చేరి, రెండేళ్లు నెలనెలా కొంత దాచి, మొదటి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొన్నాను. కానన్ 1500డి, సెకండ్ హ్యాండ్‌ది. దూరంగా ఉన్నవి దగ్గరగా కనపడటానికి 55-250 లెన్స్ తర్వాత తీసుకున్నాను. మా తమ్ముడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాడు. అక్కడికి దగ్గర్లోనే రేసుల ట్రాక్ ఉంది. "అక్కా, కదిలేవాటిని తీయడం నేర్చుకుంటే ఇక ఏదైనా తీయొచ్చు" అని వాడే నన్ను ఈ దారి పట్టించాడు.

రేసుకు వెళ్లే ముందు సాధన కావాలి కదా. రోడ్డుకు దూరంగా మా తోట గట్టు మీద నిలబడి, ముద్దనూరు రోడ్డులో వెళ్లే ఆర్టీసీ బస్సులను, కడప బండలు వేసుకుని పోయే లారీలను తీసేదాన్ని. కదిలేదాన్ని తీయాలంటే షట్టర్ వేగం పెంచాలని పుస్తకాల్లో ఉంటుంది. సెకనులో వెయ్యో వంతు పెట్టాను. బస్సు నంబర్ ప్లేటు, కిటికీలో కూర్చున్న పెద్దాయన తలపాగా, అన్నీ అద్దంలో చూసినంత స్పష్టంగా వచ్చాయి. సంతోషంగా నాన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఏమ్మా, బస్సు చెడిపోయి నిలబడిందా?" అన్నాడు.

రేసు ఫోటోలు తీసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి మా నాన్న ఒక్క మాటలో చెప్పేశాడు. అంత వేగంగా తీస్తే చక్రాలు కూడా ఆగిపోయినట్టే పడతాయి. వేగంగా పోయే బండి, రోడ్డు పక్కన ఆపిన బండి ఒకేలా కనపడతాయి. ఫోటోలో వేగం కనపడాలంటే షట్టర్‌ను తగ్గించాలి.

నలభై సెంటీమీటర్ల లెక్క

ఇందులో లెక్క చాలా సులువు. మీ పిల్లలతో కలిసి వేసి చూడండి. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే బైక్ ఒక సెకనులో 50 మీటర్లు పోతుంది. సెకనులో వెయ్యో వంతులో అది కదిలేది 5 సెంటీమీటర్లు. అదే 125వ వంతు పెడితే 40 సెంటీమీటర్లు. కెమెరా కదలకుండా ఉంటే ఆ 40 సెంటీమీటర్లూ ఫోటోలో ఒక గీతలా అలుక్కుపోతాయి. కానీ బైక్ ఎంత వేగంగా జరుగుతుందో కెమెరా కూడా సరిగ్గా అంతే జరిగితే? బైక్ స్పష్టంగా ఉంటుంది, వెనక ఉన్న చెట్లు, జనం, గోడలు గీతలైపోతాయి, చక్రాలు తిరుగుతూ కనపడతాయి. దీన్ని పానింగ్ అంటారు.

చెప్పినంత తేలిక కాదు. ఫోటో ఎక్కడ తీయాలనుకున్నామో పాదాలు అటువైపు పెట్టి గట్టిగా నిలబడాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. నడుము పైభాగం మాత్రమే తిప్పుతూ, బండిని దూరం నుంచే కంటితో అందుకుని వెంబడించాలి. బటన్ నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. క్రికెట్ ఆడే పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. బంతి వదిలాక బౌలర్ చెయ్యి అక్కడే ఆగిపోదు కదా, ఇదీ అంతే.

ఇంకో చిత్రం ఉంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక ఒక చిన్న అద్దం ఉంటుంది. మనం చూసే బొమ్మను కంటికి చేర్చేది అదే. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది. అంటే ఫోటో పడే ఆ క్షణంలో మన కంటికి ఏమీ కనపడదు. అంతవరకూ చేసిన సాధన మీద నమ్మకంతో చెయ్యి తిరుగుతూ ఉండాలి. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లల పరిస్థితీ దాదాపు ఇదే అనిపిస్తుంది నాకు.

ఇరుంగాట్టుకోట్టైలో ఒక రోజు

మన తెలుగు నేల మీద పెద్ద రేసు అంటే చాలామందికి గుర్తొచ్చేది హైదరాబాద్ ఫార్ములా ఈ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం చుట్టుపక్కల రోడ్ల మీదే 2.8 కిలోమీటర్ల ట్రాక్ వేసి ఎలక్ట్రిక్ కార్ల పోటీ పెట్టారు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది. అందుకే మనలాంటి వాళ్లు రేసు చూడాలంటే చెన్నై ట్రాకే దగ్గర.

కడప నుంచి రైల్లో వెళ్లాను. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే దారిలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది ఈ ట్రాక్. 3.7 కిలోమీటర్ల పొడవు, 12 మలుపులు. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దీన్ని కట్టింది, 1990లో తెరిచారు. అంతకుముందు పోటీలు షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి.

కంచె లోపలికి వెళ్లి తీయడానికి అనుమతి ఉన్న ఫోటోగ్రాఫర్లకే వీలుంటుంది. నాలాంటి కొత్తవాళ్లు ప్రేక్షకులతో పాటు కంచె ఇవతలే నిలబడాలి. లెన్స్‌ను కంచెకు బాగా దగ్గరగా పెట్టి తీస్తే తీగలు మసకబారి దాదాపు మాయమవుతాయని అక్కడే ఒక పెద్దాయన చెప్పాడు. నా కెమెరా సెకనుకు మూడు ఫోటోలే తీస్తుంది. ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ మధ్య బైక్ పదిహేను మీటర్లు దాటిపోతుంది. కాబట్టి బటన్ నొక్కిపట్టి అదృష్టాన్ని నమ్ముకోవడం కుదరదు. ఒక మలుపు ఎంచుకుని, రైడర్ ఎక్కడ బ్రేకు వేస్తున్నాడు, ఎక్కడ ఒరుగుతున్నాడు, ఎక్కడ మళ్లీ లేస్తున్నాడు అని మొదటి అరగంట కెమెరా దించి ఊరికే చూశాను. ప్రతి ల్యాపులోనూ దాదాపు అదే చోట ఒరుగుతున్నారు. ఆ చోటు కంటికి అలవాటయ్యాకే తీయడం మొదలుపెట్టాను.

కెమెరా దించి చూసినప్పుడే ఇంకో సంగతి కూడా కనపడింది. రైడర్ల ఒంటి మీద తోలు సూట్లు, హెల్మెట్లు, గ్లవ్స్. మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని మార్షల్స్. ముందు ప్రమాదం ఉందంటే పసుపు జెండా. అది కనపడిన చోట ఎంత గొప్ప రైడరైనా ఓవర్‌టేక్ చేయకూడదు. ఎర్ర జెండా ఊపితే రేసు ఆగిపోవాల్సిందే. అంబులెన్స్ ఇంజన్‌కు దగ్గర్లోనే డ్రైవర్ సిద్ధంగా ఉన్నాడు. ఎదురుగా వచ్చే బండి ఉండదు, అడ్డం వచ్చే గేదె ఉండదు. అక్కడి వేగానికి ఇంతమంది కాపలా ఉన్నారు.

పూసిందంతా కాయ కాదు

ఆ రోజు మొత్తం 640 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే దాచుకోదగ్గవి 26. అంటే వందకు నాలుగు. మిగతావాటిలో కొన్నింట బైక్ సగమే ఉంది, కొన్నింట చక్రం స్పష్టంగా ఉండి హెల్మెట్ మసకబారింది. తక్కువ షట్టర్‌తో పానింగ్ నేర్చుకునేవాళ్లకు ఇది మామూలే. చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫర్లు కూడా చాలా పారేస్తారు.

నాన్న పక్కనే కూర్చుని లెక్క విన్నాడు. దుడ్డు దండగ అంటాడేమో అనుకున్నాను. "చీనీ చెట్టుకు పూత ఎంత వస్తుంది, కాయ ఎంత నిలబడుతుంది? పూసిందంతా కాయ అయితే చెట్టు నిలబడుతుందామ్మా?" అన్నాడు.

ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్టిగ్ అని ఒకాయన ఉండేవాడు. ఏడెనిమిదేళ్ల వయసులోనే వాళ్ల నాన్న చేతికి కెమెరా ఇచ్చాడు. ఇరవై ఏళ్లు నిండకముందే, 1910ల తొలినాళ్లలో, ఒక గ్రాండ్ ప్రీ రేసులో దూసుకుపోతున్న కారును కెమెరా తిప్పుతూ తీశాడు. చక్రం కోడిగుడ్డులా సాగిపోయింది, వెనక నిలబడిన జనం ఒక పక్కకు ఒరిగినట్టు పడ్డారు, కారు సగం ఫ్రేము బయటికి పోయింది. పనికిరాదని పక్కన పెట్టేశాడంటారు. దశాబ్దాల తర్వాత, 1963లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన ఫోటోల ప్రదర్శన పెట్టాక ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది. ఇప్పుడు వేగాన్ని చూపించే ఫోటోల గురించి మాట్లాడే ప్రతిచోటా ఆ కారు ఫోటో ఉంటుంది.

"నేను వంద మీద పోతా మేడమ్"

ఇక మీలో కొందరి కంగారుకు అసలు కారణం దగ్గరికి వస్తాను. నా ఫోటోలు చూసి తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు. "మేడమ్, మా నాయన బండి తెస్తా. ముద్దనూరు రోడ్డులో వంద మీద పోతా. మీరు ఇట్లాంటిదే ఒకటి తీయండి, స్టేటస్ పెట్టుకుంటా."

నేను తిట్టలేదు. ప్రిన్సిపల్ సార్‌ను అడిగి, పీఈటీ సార్‌ను తోడు పెట్టుకుని, శనివారం సాయంత్రం వాడిని మన గ్రౌండులోనే సైకిల్ తొక్కమన్నాను, తలకు హెల్మెట్‌తో. మహా అయితే గంటకు 18 కిలోమీటర్లు. అంటే సెకనుకు 5 మీటర్లు. షట్టర్ 30వ వంతుకు తగ్గించాను. ఆ కాస్త సమయంలో సైకిల్ కదిలేది 17 సెంటీమీటర్లు. వాడు చుట్లు తిరుగుతుంటే నేను తీస్తూ పోయాను. ఒక ఫోటోలో వాడి ముఖం స్పష్టంగా, కాంపౌండ్ గోడ, వేపచెట్లు గీతలు గీతలుగా పడ్డాయి.

వాడు స్క్రీన్ వైపు చూసి నోరు తెరిచాడు. "మేడమ్, ఇది నిజంగా వంద మీద పోయినట్టుంది!"

ఫోటోలో కనపడే వేగం బండిది కాదు, దాన్ని ఓపికగా వెంబడించే చేతిది అని వాడికి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత కెమెరా వాడే తీసుకుని స్నేహితుణ్ని తొక్కమన్నాడు. చీకటి పడేదాకా నలభైకి పైగా తీశాడు. బాగా వచ్చింది ఒక్కటే. ఆ ఒక్కటీ వాడు ఇంట్లో ఎన్నిసార్లు చూపించాడో వాళ్లమ్మ నాకు చెప్పింది. బండి మీద మోజు వాడికి పూర్తిగా పోయిందని నేను అనను. కానీ ఈమధ్య అడిగేది బండి గురించి కాదు, షట్టర్ గురించి.

చట్టం సంగతి కూడా గుర్తుచేస్తాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. తాళం చెవి గోడకు తగిలించే ముందు ఇది ఒకసారి తలుచుకోండి.

మీతో ఒక మాట

ప్రోగ్రెస్ కార్డులో మీకు కనపడేది ఆ 26 ఫోటోలే. మిగతా 614 పిల్లల రఫ్ నోట్‌బుక్కుల్లో ఉంటాయి. ఇంగ్లీషులో ఒక వాక్యం సరిగ్గా మాట్లాడే ముందు ఎవరైనా పది వంకర వాక్యాలు మాట్లాడాల్సిందే. క్లాసులో తప్పు పోతుందేమోనని నోరు విప్పని పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నారు. వాళ్లకు తెలివి తక్కువ కాదు. పారేయడానికి వాళ్ల దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు, అంతే.

ఈ నెలలో ఒక ఆదివారం పిల్లల రఫ్ నోట్‌బుక్ అడిగి చూడండి. కొట్టివేతలు ఎక్కువగా ఉంటే కోప్పడకండి, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారో వాళ్లనే చెప్పమనండి. ఫోటోలంటే ఇష్టం ఉన్న పిల్లలకు కొత్త కెమెరా కొనాల్సిన అవసరం లేదు. చాలా ఫోన్ల కెమెరాలో 'ప్రో' అనే మోడ్ ఉంటుంది, అందులో షట్టర్ వేగం మార్చుకోవచ్చు. వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మన గ్రౌండులో సైకిల్ ఫోటోల సాధన పెడుతున్నాం. తల్లిదండ్రులు కూడా రావచ్చు. సైకిల్, హెల్మెట్ తప్పకుండా తీసుకురండి. ఫోన్‌లో ఒక వంద ఫోటోలకు చోటు ఖాళీ చేసుకుని రండి.