రెండు సముద్రాలు

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు మేమిద్దరం కలిసి చేసిన మొదటి షికారు యిది. నవ్వకండి. గుమాస్తా సంసారంలో ప్రయాణమంటే పెళ్ళికో పరామర్శకో తప్ప వుండదు.

మృగశిర కార్తె ప్రవేశించిన మర్నాడు, స్నేహితుని పాతకారు అడిగి తీసుకుని బళ్ళారినుంచి బయలుదేరాము. మా వూళ్ళో యింకా ఎండలు మండుతున్నవి. హుబ్బళ్ళి దాటి యల్లాపుర అడవిలోకి వచ్చేసరికి తుంపర మొదలయింది. అరబైలు ఘాటు దిగేటప్పుడు పట్టపగలే దీపాలు వేసుకోవలసి వచ్చింది. రాత్రి అంకోలాలో గడిపి, తెల్లవారి 66వ నెంబరు జాతీయ రహదారిమీద దక్షిణంగా సాగాము. హొన్నావర దగ్గర శరావతి వంతెన ఎక్కేసరికి, వానలో నది ఏదో సముద్రమేదో తెలియలేదు. మరపడవలన్నీ ఒడ్డుననే వున్నవి. జూన్ 1 నుంచి జులై 31 వరకు అవి వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లుపెట్టే కాలమట.

నాకు మాత్రం లోపల బెరుకుగానే వున్నది. మా ఆవిడ పుట్టిల్లు కాకినాడ దగ్గరి ఉప్పాడ. పదేళ్ళ క్రితం కార్తీకమాసంలో వాయుగుండం పట్టినప్పుడు ఆ యిల్లు కాస్తా సముద్రంలో కలిసిపోయింది. నాటినుంచి ఆవిడ సముద్రం ముఖం చూడలేదు.

మరవంతె వచ్చింది. పడమట అరేబియా సముద్రం, తూర్పున సౌపర్ణికా నది, నడుమ మా బాట. సరిగ్గా అక్కడే కారు వైపరు ఆగిపోయింది! అద్దంలోంచి ఏమీ కనబడదు. వాన తగ్గేదాకా కదలడానికి లేదు.

"ఇక్కడా రాళ్ళు పోశారండీ," అన్నదావిడ, కెరటాలు విరుగుతున్న ఒడ్డును చూస్తూ. "మా వూళ్ళోనూ పోశారు. మా యిల్లు అప్పటికే పోయింది."

ఇక నేను వూరుకోలేకపోయాను.

"ఆనాడు నాకు సెలవు దొరకలేదని, నిన్నూ పిల్లనూ వంటరిగా పంపానే, అసలు నేను అర్జీయే పెట్టలేదు. కొత్త అధికారి వచ్చాడు. అడగడానికి జంకాను."

"తెలుసు," అన్నది. "మీ స్నేహితుడి భార్య అప్పుడే చెప్పింది."

"మరి యిన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

నాకు నోట మాట రాలేదు. గంటకు వాన కాస్త సన్నగిల్లింది. ఆవిడ గొడుగు తీసుకుని దిగి, రాళ్ళదాకా నడిచి, చాలాసేపు నిలబడ్డది. తడిసిన పాదాలతో తిరిగి వచ్చి, "మాకు పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. వీళ్ళకు సముద్రంలో గుంకుతుంది కాబోలు," అన్నది. ఆనాడు సూర్యుడు యెక్కడా లేడు. అయినా ఆవిడ ముఖంలో తెరపి కనబడ్డది.

కుందాపురలో వైపరు బాగుచేయించుకుని యిల్లు చేరాము. వచ్చే కార్తీకానికి యిద్దరం ఉప్పాడ వెళ్ళాలని, నాలుగు రోజుల సెలవుకు అర్జీ పెట్టాను.

ఈసారి నిజంగానే పెట్టాను.