మనోవికాస్ నగర్‌లో మారిన బోర్డు

సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గరి మనోవికాస్ నగర్‌లో 1984లో ఒక జాతీయ సంస్థ వెలిసింది. బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలకు పరీక్షలు, శిక్షణ, వాళ్లకు చదువు చెప్పే టీచర్లకు కోర్సులు దాని పని. అప్పట్లో పేరులో ‘మెంటల్లీ హ్యాండిక్యాప్డ్’ అని ఉండేది. సుమారు మూడు దశాబ్దాల తర్వాత ఆ మాట తీసేసి ‘ఇంటలెక్చువల్ డిజెబిలిటీస్’ అని పెట్టారు. ఎన్ఐఎంహెచ్ కాస్తా ఎన్ఐఈపీఐడీ అయింది. మనోవికాస్ నగర్ పేరును మాత్రం మార్చాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజుల్లో ఇలాంటి పిల్లలకు వాడిన ఇంగ్లిష్ విశేషణం ‘రిటార్డెడ్’. లాటిన్ మూలంలో దానికి ఆలస్యం చేయడమనే అర్థం. అది తిట్టుగా పుట్టలేదు, తిట్లయిపోయిన పాత మాటలకు బదులుగా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా మనస్తత్వవేత్తలు మానసిక వయసును బట్టి మనుషులను ఇడియట్, ఇంబెసైల్, మోరాన్ అని విడదీశారు. మోరాన్ అనే మాటను 1910లో హెన్రీ గొడార్డ్ గ్రీకు నుంచి తయారుచేశాడు. ఆ వైద్య పదాలన్నీ వీధికెక్కాయి. 2002లో పూరి జగన్నాథ్ సినిమా ‘ఇడియట్’ వచ్చేనాటికి ఆ మాట రవితేజకు బిరుదులా అమరింది.

రిటార్డెడ్‌కూ అదే గతి పట్టింది. 2010లో అమెరికా ‘రోసా చట్టం’తో దాన్ని పలు ఫెడరల్ చట్టాల్లోంచి తొలగించింది. మన 1995 వికలాంగుల చట్టంలో ఉన్న ‘మెంటల్ రిటార్డేషన్’ 2016 చట్టంలో మేధో వైకల్యంగా మారింది. వైకల్యమున్న మనిషిని కించపరచాలని నలుగురిలో అవమానిస్తే ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష అని కూడా అదే చట్టం చెప్పింది.

కొత్త మాట మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. ‘నువ్వేమైనా స్పెషల్ చైల్డువా?’ అన్న వెటకారం ఇప్పటికే వినబడుతోంది. అయినా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లికి అందులో ఏ మాట రాశారన్నది చిన్న సంగతి కాదు.

పింఛనుకో, బడిలో సాయానికో వైకల్యం పేరు చెప్పక తప్పదు. పెళ్లి భోజనాల దగ్గర దానితో పనేముంది? పక్కనే కూర్చున్న కుర్రాణ్ని వదిలేసి ‘వీడు కారం తింటాడా?’ అని వాళ్లమ్మను అడగకండి. అతన్నే పేరు పెట్టి అడగండి, జవాబు వచ్చేదాకా కాస్త ఆగండి.