ఆరుద్ర కార్తె గుర్తుంది, గడువు గుర్తులేదు

నిన్న మా కదిరిలో ఎరువుల అంగడికి పోతే, అంగడాయన ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు తీసి నా ముందు పెట్టినాడు.
"పోయినేడు నష్టమొచ్చింది కదన్నా, పన్నేముంటుందిలే అని ఊరికే ఉండిపోతిని."

గుండె కలుక్కుమంది.

రిటర్న్ వేసే గడువు 2025లో మొదట జూలై 31. దాన్ని సెప్టెంబర్ 15కి జరిపి, ఆఖర్న ఇంకొక్క రోజు కలిపి 16 చేశారు. ఆయనకు ఏదీ తెలీదు.
జూలై అంటే చెనక్కాయ విత్తే రోజులు. ఆరుద్ర కార్తె ఎప్పుడో, ఎవరికెన్ని మూటలు అరువిచ్చాడో మాత్రం నిద్రలో లేపినా చెప్తాడు.

ఆలస్యమైతే ఫీజు ఉంటుందని చాలామందికి తెలుసు. ఆదాయం 5 లక్షలు దాటితే 5,000, లోపైతే 1,000.
కానీ అసలు దెబ్బ వేరే.
వ్యాపార నష్టాన్ని గడువులోగా చూపిస్తే తర్వాతి 8 ఏళ్ల వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు. గడువు దాటినాక డిసెంబర్ 31 దాకా రిటర్న్ వేయొచ్చు గానీ, ఆ నష్టం ముందుకు రాదు.

వానను నమ్ముకున్న మా సీమలో ఒక ఏడు లాభం, రెండేళ్లు నష్టం. ఈ వెసులుబాటు మాలాంటోళ్లకే ఎక్కువ అక్కర. మాకే తెలియడం లేదు.

కౌంటర్ వెనక కొత్త క్యాలెండర్ వేలాడుతోంది. అప్పుడే దాని అంచున పెన్సిల్‌తో అరువు పద్దులు. అడ్వాన్స్ టాక్స్ ఆఖరి వాయిదాకు మార్చి 15, రిటర్న్‌కు ఇప్పటి గడువు ఆగస్టు 31, రెండింటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వచ్చినా.

మీ ఊర్లో చిన్న అంగళ్లోళ్లకు ఈ తేదీలు ఎవరు గుర్తు చేస్తారు? చెప్పండి.