చింతపండు లేని పులుసు

ప్రియమైన మీకు,

నా ఒంటి సంగతి విన్న దగ్గర్నుంచి "ఇంతకీ ఏం తింటున్నారు?" అనేదే మీ ప్రశ్న. తింటున్నాను, రుచిగానే తింటున్నాను.

మా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బు కొత్త కాదు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నాకు డయాలసిస్ మొదలయ్యాక వద్దన్నవాటి జాబితా చేతికిస్తే నవ్వొచ్చింది. కొబ్బరినీళ్లు వద్దు, జీడిపప్పు వద్దు. మా ఉద్దానంలో పండేవే అవి కదండీ! కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, జీడిపప్పులో దానికి తోడు భాస్వరం కూడా. పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు. అందుకని మా చెట్టు బొండాలన్నీ ఇప్పుడు చుట్టాలకే.

పులుసు మాత్రం వదల్లేదు. చింతపండుకీ టమాటాకీ అదే పొటాషియం దోషం కనుక రెండూ మానేశాను. ఆనపకాయ సన్నగా తరిగి, నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు వార్చేస్తాం. "సారమంతా పారబోస్తున్నారే!" అంటారు మీరు. ముక్కలోని పొటాషియం కొంతైనా ఆ నీళ్లతో పోవాలనే ఈ పని. తర్వాత ఆవాలు, మెంతులు, ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకుతో వీధికంతా తెలిసేలా పోపు. దించాక కాస్త నిమ్మరసం. పలచగా చేస్తే నాకు రోజుకింత అని పెట్టిన నీళ్ల లెక్కలో పడుతుంది కనుక దగ్గరగా ఉంచుతాం. దీన్ని పులుసనొచ్చా అంటే, నేను అంటున్నాను.

ఉప్పు లేకుండా ముద్ద దిగుతుందా అని కదూ? మొదట్లో దిగలేదు. కొన్ని వారాలకు నాలుకే సర్దుకుంది. ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు, తాగిన నీళ్లు చాలావరకు మళ్లీ డయాలసిస్ దాకా ఒంట్లోనే. మజ్జిగ, చారు, కాఫీ కూడా నీళ్ల కిందే లెక్క. మా కోడలు నా వాటా తీశాకే మిగతాదాంట్లో ఉప్పు వేస్తుంది. రోగికి మూలన వేరే గిన్నె పెట్టడం నాకు అస్సలు నచ్చదు. సగం ఆకలి అక్కడే చస్తుంది.

అన్నట్టు, తక్కువ సోడియం ఉప్పని ఎవరైనా తెచ్చిస్తే మాలాంటివాళ్లకు పెట్టకండి. అందులో సోడియం తగ్గించిన మేరకు సాధారణంగా పొటాషియం క్లోరైడే కలుపుతారు.

ఇంకో వింత. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమన్న డాక్టరుగారే ఇప్పుడు పెంచమంటున్నారు. రక్తం శుద్ధి చేసేటప్పుడు అవీ కొంత పోతాయట. అందుకే పచ్చసొన తీసేసి, ఉల్లిపాయ, మిరియాలపొడితో గుడ్డు పొరటు. మనవడు నా పళ్లెంలోంచే లాక్కుంటున్నాడు!

మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే నా వంట చూసి చేసేయకండి. వాళ్ల తాజా రక్తపరీక్ష కాగితం డాక్టరుకి చూపించి, ఏది ఎంత తినాలో అడగండి. పులుపుకి మీకు తెలిసిన ఉపాయం ఉంటే తప్పక రాయండి. ఆవకాయ ఊసు మాత్రం ఎత్తకండి.

ఉంటాను,
మీ
ఉద్దానం నేస్తం